అంచు ముక్క మీద గీత

బంగారం ఎర్రగా ఉంటుందంటే ఎవరైనా నవ్వుతారు. కానీ అక్క పనిచేసే గదిలో బంగారం ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, దానిమ్మ గింజ చిదిపితే వచ్చే రసమంత ఎర్రగా, నిలువెత్తు గాజు సీసాల్లో వరసగా! దాన్ని వండేది అక్కే. ఆ ఎరుపు చివరికి ఎక్కడికి పోతుందంటే, మందుల షాపులో దొరికే ఆ సన్నటి స్ట్రిప్ మీదకి. రెండు గీతలొస్తే నెల తప్పినట్టు, ఒక్కటే వస్తే లేనట్టు చెప్పే స్ట్రిప్ ఉంటుంది చూడండి, దాని మీద కనిపించే ఎర్రగీత రంగూ కాదు, సిరా కాదు. బంగారం. ఉత్త బంగారం.

ఆ ఆదివారం పొద్దున కూడా అక్క వంట మీదే ఉంది. ఫ్లాస్కులో నీళ్ళు మరుగుతున్నాయి, అందులో కరిగిన బంగారపు ఉప్పు లేత పసుపుగా ఉంది. అక్క సిట్రేట్ అనే నిమ్మజాతి ఉప్పు కలిపిన నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించింది. పసుపు మాయమైంది. కాసేపు ఏమీ లేదు, తాగే నీళ్ళలా ఉంది. తర్వాత ఎవరో సిరాబుడ్డి ఒలకబోసినట్టు నీలినలుపు కమ్ముకొచ్చింది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు సరిగ్గా ఇక్కడే "అయ్యో, పోయింది మేడం!" అని గుండెలు బాదుకుంటారు. పోదు. నలుపు ఊదా అవుతుంది, ఊదా వంకాయ రంగవుతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యకుండానే, తనంతట తానే, ఎరుపు! ఇన్నేళ్ళయినా ఆ ఎరుపు వచ్చేదాకా అక్క ఊపిరి బిగబట్టే నిలబడుతుంది.

ఎందుకు ఎరుపో అడిగారంటే మాత్రం అయిపోయారన్నమాటే, అక్క ఇక వదలదు. ఇంట్లో చెల్లెలికి ఒకసారి నీళ్ళ బకెట్ చేతికిచ్చి మరీ చెప్పింది. "నడు! అలా కాదు, మామూలుగా నడు. నీళ్ళు కాస్త తొణుకుతున్నాయా? ఇప్పుడు నీళ్ళ ఊపుకి తగ్గట్టు అడుగెయ్." చెల్లి అడుగేసింది. నాలుగడుగుల్లో సగం బకెట్ చెల్లి కాళ్ళ మీదే ఉంది. "చూశావా! లోహంలో ఎలక్ట్రాన్లు కూడా ఇంతే, బకెట్లో నీళ్ళే. వెలుగు అల కదా, వచ్చి తోసినప్పుడల్లా ఆ గుంపంతా ఓ పక్కకి ఒరిగి మళ్ళీ వెనక్కొస్తుంది. బంగారాన్ని మరీ మరీ చిన్న రేణువులు చేస్తే, ఆ ఊపుకి సరిగ్గా తాళం కలిసేది ఆకుపచ్చ వెలుగు. తాళం కలిసిందా, దాన్ని గుటుక్కున మింగేస్తాయి. తెల్లటి వెలుగులోంచి ఆకుపచ్చ తీసేస్తే కంటికి మిగిలేదేంటి? ఎరుపు! దీన్నే ప్లాస్మాన్ రెజొనెన్స్ అంటారు."

"నా చీర తడిపినందుకు నిన్నేమంటారో అది కూడా చెప్పు," అంది చెల్లి.

అయితే ఒకటి. రేణువులు విడివిడిగా తేలుతున్నంతసేపే ఆ ఎరుపు. అవి ఒకదానికొకటి అతుక్కున్నాయంటే ఎలక్ట్రాన్ల ఊపు ఒక రేణువులోంచి పక్కదాంట్లోకి సాగి, బద్ధకంగా తయారవుతుంది. అప్పుడు తాళం కలిసేది ఆకుపచ్చతో కాదు, ఎరుపుతోనే. ఎర్ర వెలుగునే మింగేస్తే ఇంకేం మిగులుతుంది? నీలం. బూడిద కలిసిన మురికి నీలం. అలా అతుక్కున్నవి మళ్ళీ విడిపోవు. వేడి చెయ్యండి, గిలక్కొట్టండి, కాళ్ళు పట్టుకోండి, విడిపోవు.

ఆ సంగతి కనిపెట్టడానికే ఫ్యాక్టరీలో ఉప్పాయన ఉన్నాడు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అక్క వండిన బంగారానికి ప్రొటీన్ తొడుగు వేశాక, ప్రతి సీసాలోంచి ఓ చుక్క తీసి అందులో ఉప్పునీళ్ళు వేసి చూడటం ఆయన పని. తొడుగు సరిగ్గా పడితే ఉప్పు తగిలినా ఎరుపు ఎరుపే. ఎక్కడైనా ఒళ్ళు బయటపడితే క్షణంలో నీలం. "మనుషుల్నీ ఇలాగే చూడొచ్చు తల్లీ," అంటాడాయన, "కాస్త ఉప్పు తగిలితే అసలు రంగు తెలుస్తుంది." ఈ మాట ఎన్నిసార్లన్నా తనే మొదటిసారి విన్నట్టు నవ్వుకుంటాడు.

ఎరుపు కుదురుకున్నాక అక్క చేతి తొడుగులు విప్పి, లోపలి గదిలోంచి బయటికొచ్చి, అల్మారాలో పెట్టిన ఫోన్ తీసింది. చెల్లి నుంచి ఫొటో. ఫొటో కింద ఒకటే ముక్క: "అక్కా రెండు!!!!"

అక్క కేక వేసింది. ఎంత గట్టిగా వేసిందంటే అవతల ప్యాకింగ్ బల్ల దగ్గర వాళ్ళంతా తలెత్తి చూశారు. వెయ్యదా మరి! చెల్లికి పెళ్ళయి ఏళ్ళు గడిచాయి. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి జారిపోయింది. తర్వాత ఆస్పత్రుల చుట్టూ తిరగడం, సూదులు, ఎదురుచూపులు, మళ్ళీ సూదులు. ఆస్పత్రిలో అండం, వీర్యం కలిపి దాచి ఉంచిన పిండాల్లో ఇదే ఆఖరిది. దాన్ని లోపల పెట్టి, "ఇంక మీ అదృష్టం," అని పంపించారు. రక్తపరీక్ష సోమవారం. అప్పటిదాకా ఇంట్లో ఏ పరీక్షా చేసుకోవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. చెబితే మాత్రం ఆగేదెవరు, ఇంట్లో అక్క తెచ్చిచ్చిన స్ట్రిప్‌లు డబ్బా నిండా ఉంటే!

ఇంకో మెసేజ్ ఉంది. "మధ్యాహ్నం మా ఓనర్‌కి ఫోన్ చేసి మానేస్తున్నా అని చెప్పేస్తా. ఆ థిన్నర్ వాసన ఇంక వద్దు. ఆయన మేనకోడలు నా కౌంటర్ కోసం ఎప్పట్నుంచో కాచుక్కూర్చుందిగా, ఎక్కేస్తుంది పాపం."

చెల్లిది పెయింట్ల షాపులో రంగులు కలిపే కౌంటర్. జనం గుడ్డపేలిక తెచ్చినా, పాత తలుపు పెచ్చు తెచ్చినా, ఎండిపోయిన పూరేకు తెచ్చినా సరే, ఓసారి కళ్ళు చికిలించి చూసి అచ్చం అదే రంగు డబ్బాలో దింపేస్తుంది. ఆ కౌంటర్ అంటే ప్రాణం. ఏ ఆస్పత్రి నుంచి ఏ కబురు విన్నా మర్నాడు పొద్దున్నే వెళ్ళి దాని వెనక నిలబడి, ఎవరో ఒకరి గోడకి రంగు కలిపితేనే మనిషయ్యేది. దాన్ని ఇవాళ వదిలేస్తానంటోంది, నవ్వుతూ.

"బాబాయ్! ఇటు చూడు, మా చెల్లి!" అక్క ఫోన్ పట్టుకుని ఉప్పాయన బల్ల దగ్గరికి పరుగెత్తింది.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, ఫోన్ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి జారిపోయింది.

"పై గీత మన ఎరుపే," అన్నాడు. "కింది గీత... ఫొటోలో సరిగ్గా పడలేదేమోలే."

అక్క ఫోన్ లాక్కుని వేళ్ళతో ఫొటో పెద్దది చేసింది. రెండు గీతలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎరుపు. రెండోది గులాబీకీ గోధుమకీ మధ్య ఏదో మసక రంగు, వెనకాల ఫొటో అంతా పసుప్పచ్చటి బల్బు వెలుగు. పచ్చ బల్బు కింద తెల్ల కాగితం కూడా పచ్చగానే ఉంటుంది. మరి ఆ వెలుగులో గులాబీలా కనిపించేది పగటి వెలుగులో ఏ రంగై ఉంటుంది? ఈ ప్రశ్న అక్క అడగదలచుకోలేదు. అది దానంతటదే వచ్చింది, మరిగే నీళ్ళలో నలుపు వచ్చినట్టు.

"ఏ లాటు ముక్క తల్లీ, ఏ విడత వంట?" అన్నాడు ఉప్పాయన.

"లాటు కాదు బాబాయ్." అక్క గొంతు తగ్గింది. "అంచులు."

అంచులంటే ఏంటో ఇక్కడ చెప్పాలి. స్ట్రిప్‌లు విడివిడిగా పుట్టవు. పొడుగాటి అట్ట మీద బంగారం పిచికారీ చేసి, ఆరబెట్టి, మిషన్‌లో పెట్టి టకటకా సన్నటి ముక్కలుగా కోస్తారు. అట్ట మొదట్లోనూ చివర్లోనూ వచ్చే ముక్కలు అమ్మకానికి పోవు, చెత్తబుట్టకే. అక్కడ పిచికారీ గొట్టం ఆగి మొదలవుతుంది కాబట్టి బంగారం ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. పనివాళ్ళు వాటిని ఏరుకుని ఇళ్ళకి పట్టుకెళ్తారు, అక్కచెల్లెళ్ళకీ స్నేహితురాళ్ళకీ ఇస్తారు. ఎవరూ ఏమీ అనరు, అందరూ చేసేదే. అక్క మాత్రం ఒకడుగు ముందుకేసింది. అంచుల్లో కూడా అన్నిటికన్నా చివరి ముక్కలే ఏరేది. బంగారం ఎక్కువ పడిందంటే గీత ఎంత లేతగా రావాల్సినా కాస్త ముదురుగా వస్తుంది కదా! చెల్లి ప్రతిసారీ స్ట్రిప్‌ని దీపానికి అడ్డంపెట్టి, ఏటవాలుగా పెట్టి, కళ్ళు నొప్పెట్టేదాకా వెతుక్కునేది. ఆ వెతుకులాట చూడలేక, దానికి గీత వస్తే గట్టిగా రావాలి, అనుమానం లేకుండా రావాలి అని, పనిగట్టుకుని బంగారం ఎక్కువున్న ముక్కలే ఏరి డబ్బా నింపి ఇచ్చింది.

ఎక్కువ పడ్డ చోట మెల్లగా ఆరుతుంది. మెల్లగా ఆరితే రేణువులు దగ్గరకి జరుగుతాయి. దగ్గరకి జరిగితే అతుక్కుంటాయి. ఇది అక్కకి తెలియని సంగతి కాదు! కొత్తవాళ్ళకి పాఠంలా చెప్పే సంగతే. తన చెల్లి డబ్బా నింపేటప్పుడు మాత్రం బుర్రలోకి రాలేదు.

ఉప్పాయన లేచాడు. "నీ దగ్గర ఇంకా ఉన్నాయా ఆ ముక్కలు?"

అక్క బ్యాగు అడుగున ఓ కవరులో ఉన్నాయి. ఆయన ఒకటి తీసి, గర్భం నిలిస్తే ఒంట్లో పుట్టే హార్మోన్ చుక్క కూడా లేని ఉత్త పరీక్ష ద్రావణంలో ముంచాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. తడి పాకింది. ఎర్రటి మేఘంలా బంగారం కదిలింది. పైన ఒక గీత, ఎర్రగా. అది ఎప్పుడూ వచ్చేదే, స్ట్రిప్ పనిచేస్తోందని చెప్పే గీత. కింద, ఏమీ రాకూడని చోట, అతుక్కుపోయిన ముద్దలు కాగితంలో ఇరుక్కుని మెల్లగా ఇంకో గీత తేలింది. బూడిదగా, నీలంగా.

ఉప్పాయన నోట ఉప్పు జోకు రాలేదు.

"అంటే లేనట్టా బాబాయ్?"

"లేనట్టని కాదు తల్లీ. ఉన్నట్టూ కాదు. ఈ ముక్క ఏమీ చెప్పట్లేదంతే. నీళ్ళలో ముంచినా ఇదే కూత కూస్తుంది."

అక్క కవరు తనవైపు లాక్కుంది. ఇంకో ముక్క ముంచింది. నీలం గీత. మరోటి ముంచితే రాలేదు, ఇంకోటి ముంచితే వచ్చింది. ఆ ముద్దల్ని విడదీసే మందేదైనా ఉంటే ఎంత బావుండు అనిపించింది, విడదీసి మాత్రం ఏం చేస్తుంది, గీత మాయం చేస్తుందా? చెల్లి ముఖం మీద నవ్వు ఎలా విడదీస్తుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పైగా కాలింది తన చేతులు కాదు.

పరీక్షలన్నీ దాటిన లాటులోంచి, అట్ట నడిమధ్య కోసిన మంచి స్ట్రిప్ ఒకటి, రేకు కవరు విప్పనిది, ఉప్పాయనే తీసి అక్క చేతిలో పెట్టాడు. "వెళ్ళు. మిగతా వంట నే చూస్కుంటా."

"ఏం చెప్పను బాబాయ్?"

"నాకు ఉప్పు వెయ్యడం ఒకటే తెలుసు తల్లీ," అన్నాడాయన.

బస్సులో కూర్చున్నంతసేపూ అక్క మాటలు పేర్చుకుంది. 'ఒసేయ్, చిన్న పొరపాటు జరిగింది.' ఛ. 'స్ట్రిప్‌లు పాతవి, ఎందుకైనా మంచిది ఇంకోసారి...' అబద్ధం. 'రేపు రక్తపరీక్ష అయ్యేదాకా ఆగవే, షాపు వాళ్ళకి చెప్పకు.' ఎందుకని అడుగుతుంది కదా! ఊరుకుంటే? రేపటిదాకా నోరు మూసుకుంటే? కానీ మధ్యాహ్నం ఆ ఫోన్ వెళ్ళిపోతుంది, కౌంటర్ పోతుంది, రేపు ఆస్పత్రి కబురు చెడ్డదైతే చెల్లి ఎల్లుండి పొద్దున లేచి ఎక్కడికెళ్తుంది? ఎవరి గోడకి రంగు కలుపుతుంది? చెబితే ఈ ఒక్కపూట సంతోషం పోతుంది, చెప్పకపోతే ఆ చోటు పోతుంది. కక్కలేదు, మింగలేదు. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది, ఒక్కోచోట ఎవరూ దిగకపోయినా ఆగింది, అక్క మొదటిసారి దానికి తొందర లేకపోవడం చూసి సంతోషించింది.

తలుపు తీసింది మరిది. చెల్లెలి మొగుడు లిఫ్టులు రిపేరు చేసే మనిషి, పొడుగ్గా ఉంటాడు, మాట్లాడటం తక్కువ. ఇవాళ మాత్రం లిఫ్టు మీటలన్నీ ఒకేసారి నొక్కినట్టున్నాడు. "రండి వదినా రండి! మీ బంగారం పనిచేసింది! ఏం తాగుతారు? కూర్చోండి. కాదు, ముందు లోపలికెళ్ళండి, తను మీకోసమే చూస్తోంది. చెప్పులు అక్కడే వదిలెయ్యండి, పర్లేదు, వేసుకొచ్చినా పర్లేదు!"

"నీకు ఇన్ని మాటలొచ్చా అబ్బాయ్?" అంది లోపల్నించి అమ్మ. ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పట్నుంచీ చిన్నకూతురికి సాయంగా ఇక్కడే ఉంటోంది. "పొద్దున్నుంచీ ఇదే వరస పెద్దదానా. ఆలు లేదు చూలు లేదన్నట్టు అప్పుడే మంచం ఏ గోడకి వెయ్యాలా అని కొలుస్తున్నాడు."

"చూలు ఉందిగా అత్తయ్యా!" అన్నాడు మరిది. ఆ మాటకి అమ్మ కూడా నవ్వేసింది. మంచిమాట అన్నావని దగ్గరికొచ్చి అల్లుడి భుజం తట్టింది. అక్క కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది. రేకు కవరు బ్యాగులో ఉంది, బ్యాగు భుజాన ఉంది, దాని బరువు ఇటుకంత ఉంది.

గదిలో చెల్లి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. పట్టపగలు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. గదిలో మాత్రం తెరలు మూసి ఉన్నాయి, మంచం పక్కన పచ్చ బల్బు దీపం వెలుగుతోంది.

"ఏంటే ఈ చీకటి?"

"కళ్ళు లాగుతున్నాయక్కా. రా, ఇలా కూర్చో." చెల్లి పక్కకి జరిగి చోటిచ్చింది. దిండు కింద నుంచి చిన్న డబ్బా తీసింది, చెవిరింగులు వచ్చిన డబ్బా, లోపల దూది, దూదిలో ఆ ముక్క. "చూడు! నువ్వు చేసిన గీత!"

దీపం కింద పట్టుకుంది. ఎరుపు ఒకటి. మసక గులాబీ ఒకటి.

అక్క చూసింది. బస్సులో పేర్చుకున్న మాటలన్నీ పిచ్చుకల్లా లేచిపోయాయి, ఒక్కటి మిగల్లేదు.

"ఓనర్‌కి చేశావా ఫోన్?" అంది చివరికి.

"లేదు, ఇదిగో చేద్దామనే. ఆయన భోంచేసి పడుకుని లేస్తాడు, ఇప్పుడు చేస్తే చిరాకు పడతాడు."

"రేపు చెయ్యొచ్చుగా?"

"రేపైనా ఎల్లుండైనా చెయ్యాల్సిందేగా!" చెల్లి నవ్వింది. "ఏంటక్కా, నాకన్నా నీకే బెంగగా ఉంది ఆ కౌంటర్ మీద?"

"అది కాదే..." అక్క చెయ్యి చాచింది. "ఆ ముక్క ఓసారి ఇటివ్వు. కిటికీ దగ్గర చూస్తా."

చెల్లి ఇవ్వలేదు. డబ్బా మూత వేసింది.

"ఇక్కడే బావుంది," అంది.

అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. చెల్లి షాపులో కౌంటర్ పైన వేలాడే బోర్డు రాసింది చెల్లే: 'రంగు మా లైటు కింద చూసి ఒప్పుకోకండి. బయట ఎండలో చూసుకోండి.' రోజూ ఎంతమందికి చెబుతుంది! డబ్బా మూత తీసి, పుల్లతో కాస్త రంగు అట్టముక్కకి రాసి, మనిషిని చెయ్యి పట్టుకుని మరీ షాపు గుమ్మం బయటికి లాక్కెళ్ళి, "ఇప్పుడు చూడండి, లోపల బల్బు అబద్ధాలు చెబుతుంది," అంటుంది. అలాంటి మనిషి పట్టపగలు తెరలు వేసుకుని పచ్చ బల్బు కింద కూర్చుంది.

"నువ్వు కిటికీ దగ్గర చూశావు," అంది అక్క.

చెల్లి దుప్పటి కొస చుడుతోంది, విప్పుతోంది. ముందు గదిలో మరిది టేపు లాగుతున్న చప్పుడు, అది మళ్ళీ సర్రున వెనక్కెళ్ళిన చప్పుడు.

"పొద్దున ముందు అక్కడే చూశానక్కా. బాత్రూమ్ కిటికీలో." చెల్లి గొంతు షాపులో మాట్లాడేటప్పటిలా మామూలుగానే ఉంది. "తెలుపులో నలుపు ఒక చుక్క, నీలం రెండు చుక్కలు. వానాకాలం మబ్బు రంగు. ఆఫీసు గదులకి తీసుకెళ్తుంటారు ఎక్కువగా, నేను కళ్ళు మూసుకుని కలిపేస్తా ఆ షేడు. నువ్వు ఆ రోజు బకెట్ ఇచ్చి నడిపించావు గుర్తుందా? అతుక్కుంటే నీలం అన్నావు. గుర్తొచ్చింది. తర్వాత అద్దం పైన లైటేశాను. లైటు కింద గులాబీగా ఉంది. సరే, గులాబీనే అనుకున్నా. ఆయన్ని పిలిచా. ఆయన చూసి ఏడ్చేశాడు తెలుసా! లిఫ్టు గుంతలో ఇరుక్కున్నప్పుడు కూడా ఏడవని మనిషి."

"మరి నాకెందుకు పంపావే ఆ ఫొటో?"

"నువ్వు ఎరుపే అంటావేమో అని."

అక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇది నీలం కాదే, ఎరుపే, నా కళ్ళే పాడయ్యాయి అని అనేస్తే? ఒక్క మాట. చెల్లి నమ్మడానికి కాచుకుని కూర్చుంది. కానీ ఆ మాట నోట్లోంచి రాదు, రంగు విషయంలో అబద్ధం ఆడటానికి ఆ ఇంట్లో ఇద్దరికీ చేతకాదు.

"తప్పు నాదేనే. అంచు ముక్కలు నేనే ఏరిచ్చా. బంగారం ఎక్కువుంటే నీకు గీత గట్టిగా వస్తుందని. నువ్వు దీపాలకి అడ్డం పెట్టి వెతుక్కోకుండా..."

చెల్లి అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చాల్సినవాళ్ళు ఒకరైతే ఓదార్చింది ఇంకొకరు. "గట్టిగానే వచ్చిందిలే," అంది.

అది జోకో కాదో అక్కకి అర్థం కాలేదు.

"అంటే లేనట్టా?" ఉప్పాయన్ని తను అడిగిన మాటే చెల్లి అడిగింది, అదే గొంతుతో.

"లేదని కాదు. అది ఏమీ చెప్పట్లేదు. ఉన్నా అలాగే వస్తుంది, లేకపోయినా అలాగే వస్తుంది." అక్క బ్యాగు తెరిచి రేకు కవరు తీసింది. "ఇది మంచిది. నడిమధ్య ముక్క. కావాలంటే చెయ్. వద్దంటే రేపు ఆస్పత్రిలోనే చూద్దాం. నీ ఇష్టం."

చెల్లి కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది ఎప్పటి వంట?"

"పోయిన నెలది. నా చేత్తో నేను చేసిందే."

"బాగా కుదిరిందా?"

"చాలా బాగా."

చెల్లి లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళింది. అక్క లేచి తెరలు లాగింది. ఎండ గది మొత్తం పరుచుకుంది, మంచం మీద, డబ్బా మీద, వెలుగుతున్న దీపం మీద. దీపం వెలుగుతున్నట్టే తెలియలేదు ఆ ఎండలో. ఇప్పుడే ఎందుకు తీశాను, ఇంకాసేపు ఉంచాల్సింది అనుకుంది. అనుకుంది గానీ మళ్ళీ మూయలేదు.

చెల్లి స్ట్రిప్‌ని అడ్డంగా, తొణక్కుండా పట్టుకుని వచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన మోచేతులు ఆనించి వంగారు, చిన్నప్పుడు చీమల్ని చూసినట్టు.

తడి పాకింది. వెనకాలే ఎరుపు వచ్చింది, ముద్దలు లేకుండా, చారలు లేకుండా, పల్చటి ఎర్రటి పొరలా పాకుతూ వచ్చింది. కింది గీత పడాల్సిన చోటికి వచ్చింది. అక్క ఊపిరి బిగబట్టింది. ఆగు, అనుకుంది. ఒక్కటి ఆగు, రెండు ఆగండి, మీలో కొన్నైనా అక్కడ ఆగండి. అవి తను పుట్టించినవే, ఫ్లాస్కులో నలుపులోంచి ఎరుపులోకి తను తెచ్చినవే, ఒక్కో రేణువులో ఎలక్ట్రాన్లు ఇప్పుడు ఈ కిటికీ ఎండకి ఊగుతున్నవే. కానీ ఆగమంటే ఆగవు. పట్టి ఆపే హార్మోన్ ఉంటేనే ఆగుతాయి. ఎరుపు ఆ చోటు దాటింది. వెనకాల కాగితం మెల్లగా తెల్లబడింది. పైన ఒక గీత మొదలైంది, లేతగా, తర్వాత ఇంకాస్త, తర్వాత గాఢంగా.

"ఇంకాసేపు చూద్దాం," అంది అక్క.

చూశారు. కింద తెల్లగానే ఉంది.

"ఒక్కోసారి రక్తంలో ముందు తెలుస్తుంది. దీనికి అందనంత తక్కువున్నా..." అక్క చెబుతూనే ఉంది, చెబుతున్నది నిజమే, అయినా ఆ మాటలు ఎంత పల్చగా ఉన్నాయో తనకే వినిపిస్తోంది. "రేపు డాక్టరమ్మ..."

"ఊఁ," అంది చెల్లి.

ముందు గదిలోంచి మరిది కేకేశాడు. "ఓనర్‌కి చేశావా? లేచుంటాడు! నన్ను చెయ్యమంటావా?"

చెల్లి కిటికీ మీంచి కదల్లేదు. "వద్దు," అని కేకేసింది. "రేపు షాపుకెళ్తా."

టేపు లాగుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఏదో అడిగింది. మరిది అడుగులు గది తలుపు దాకా వచ్చి, తలుపవతల ఆగాయి.

అక్క తలుపు వైపు చూసింది, మళ్ళీ చెల్లి వైపు చూసింది. వెళ్ళి అతనికి చెప్పాలి. ఎవరో ఒకరు చెప్పాలి. కిటికీ దగ్గరే ఉండిపోయింది. చెల్లి స్ట్రిప్‌ని వేలికొసలతో ఎత్తి, మనుషుల్ని గుమ్మం బయటికి లాక్కెళ్ళి అట్టముక్క చూపించేటప్పుడు పట్టుకున్నట్టే ఎండకి ఎదురుగా పట్టుకుంది. కళ్ళు చికిలించి ఆ ఒక్క గీతనే చాలాసేపు చూసింది.

"ఈ ఎరుపు మాత్రం బాగా వచ్చిందక్కా," అంది. "నేను ఎన్నిసార్లు కలిపినా ఇలా రాదు."